మూడో నెలలోనే బీపీ ముప్పు తెలుస్తుందా?

ప్రశ్న: మొదటి కాన్పులో ఎనిమిదో నెలకే బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయి, తొందరగా ఆపరేషన్ చేశారు. మళ్లీ ఇప్పుడు పన్నెండో వారం. ఆ జబ్బు, అదే ప్రీఎక్లాంప్సియా, మళ్లీ వస్తుందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుందని మా వదిన అంటోంది. ఒకటే టెన్షన్.
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: కచ్చితంగా తేల్చదమ్మా, ముప్పు ఎంతో అంచనా వేస్తుంది. 11–13 వారాల్లో రక్తంలో పీఎల్‌జీఎఫ్ చూస్తారు. అది మాయలో తయారయ్యే ప్రొటీన్. తక్కువుంటే మాయ సరిగా నాటుకోలేదేమోనని అనుమానం. బీపీ, గర్భాశయ రక్తనాళాల డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) కూడా కలిపితేనే లెక్క కుదురుతుంది.

మీకు ఒకసారి వచ్చింది కదా, ముప్పుందనడానికి అదే చాలు. నేనైతే రిపోర్టు కోసం ఆగను. ఆ ముప్పు తగ్గించే తక్కువ మోతాదు ఆస్పిరిన్ 16వ వారం లోపే మొదలవ్వాలి. డాక్టర్ రాసిస్తేనే సుమా, మెడికల్ షాపులో అడిగి కాదు! పరీక్ష నార్మల్ వచ్చినా బీపీ చూపించుకోవడం మానొద్దు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, పక్కటెముకల కింద నొప్పి వస్తే రాత్రయినా సరే, ఆస్పత్రికి వెళ్లండి.