టెక్ సందేహాలు: ఏసీ కొనే ముందు ఒక్కసారి స్లాబ్ దిక్కు చూడండి

ఎండలు ముదిరినయంటే నాకు వచ్చే ప్రశ్నల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వెనక్కి పోయి ఏసీలు, కూలర్లు ముందుకొస్తయి. ఈసారి ఆదిలాబాద్ నుంచి చలికాలం హీటర్ గురించి కూడా అడిగిన్రు, అది కూడా ఇందులోనే కలిపేస్తున్నా.

హనుమకొండ నుంచి: "సార్, మాది రెండో అంతస్తు, పైన ఏం లేదు, డైరెక్ట్ స్లాబే. 10/12 బెడ్‌రూమ్‌కి 1 టన్ సరిపోతదా, 1.5 తీస్కోవాల్నా? 3 స్టారా, 5 స్టారా? ఇప్పుడు నెలకు 190 యూనిట్ల దాకా కాలుతున్నయి, గృహజ్యోతిలో జీరో బిల్లు వస్తుంది. షాపాయన 5 స్టార్ 1.5 టన్నే తీస్కోమంటున్నడు."

అన్నా, షాపాయన మాట పక్కన పెట్టి ముందు మీ 190 సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అసలు లెక్క అక్కడే ఉంది. రాత్రి 8 గంటలు ఇన్వర్టర్ ఏసీ (రూమ్ చల్లబడ్డంక తనంతట తనే వేగం తగ్గించుకునేది) నడిపితే సుమారు 5 యూనిట్లు అనుకోండి, నెలకు 150, అంటే మీ మీటర్ 340 దగ్గర ఆగుతది. సర్కారు ఫ్రీ కరెంట్ పథకం గృహజ్యోతి 200 యూనిట్ల దాకే, అది దాటితే ఆ నెల మొత్తం బిల్లు మీరే కట్టాలె, పైన పడ్డ 140కి మాత్రమే కాదు. ఇప్పుడున్న బిల్లు శ్లాబుల (యూనిట్లు పెరిగే కొద్దీ మారే రేట్ల) ప్రకారం 200 దాటినోళ్లకి మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, తర్వాత 100 యూనిట్లు 7.70, ఆ తర్వాత 9 రూపాయలు. లెక్క వేస్తే 1020 ప్లస్ 770 ప్లస్ 360, మొత్తం 2150, ఫిక్స్‌డ్ చార్జీలు గిట్ల వేరే. నిన్నటిదాకా సున్నా, ఇప్పుడు 2150. జీరో బిల్లు లేనోళ్లకి కూడా ఇదే దెబ్బ తగుల్తది, 190 యూనిట్లకి 772 కట్టేటోళ్లు 340కి 2150 కడ్తరు, అంటే ఏసీ కాల్చిన ఒక్కో యూనిట్ 9 రూపాయల పైన పడ్డట్టు. ఎన్పీడీసీఎల్ (మన దిక్కు కరెంట్ కంపెనీ) బిల్లు చేతికొస్తే చివర ఎంత కట్టాలో మాత్రమే చూసి పక్కన పెట్టేస్తం గానీ, ఏ శ్లాబులో పడ్డమో ఒక్కసారి చూస్కోండి.

ఇప్పుడు స్టార్ల సంగతి. లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అని ఒక నంబర్ ఉంటది, అది ఎంత ఎక్కువుంటే అంత తక్కువ కరెంటుకి అంత చల్లదనం అన్నట్టు. దాని కిందనే ఏడాదికి ఎన్ని యూనిట్లు అని ఇంకో నంబర్ ఉంటది, చాలామంది దాన్ని పట్టించుకోరు గానీ నేను ముందు చూసేది అదే. ఆ నంబర్ ఏడాదికి 1600 గంటలు నడిపితే అని వేసిన లెక్క. 1.5 టన్‌లో 3 స్టార్‌కి 1000 దరిదాపు, 5 స్టార్‌కి 750-800 దరిదాపు కనబడుతది, మోడల్‌ని బట్టి అటూ ఇటూ. అంటే 1600 గంటలు నడిపేటోళ్లకి ఏడాదికి 200 యూనిట్లకి పైనే మిగుల్తది, 1700-2000 రూపాయలన్నట్టు. కానీ మీరు ఏప్రిల్, మే, జూన్‌లో కొన్ని రోజులు, అదీ రాత్రిపూటే నడిపితే 600 గంటలు దాటదు, అప్పుడు మిగిలేది ఏడాదికి ఏడెనిమిది వందలు. షాపులో రెండిటికీ 9 వేలు తేడా చెప్పిన్రనుకోండి, ఆ 9 వేలు తిరిగొచ్చేసరికి ఏసీయే ముసలిదైపోతది. పొద్దుమాపు ఏసీ నడిచే ఇంటికి 5 స్టార్, మీలాంటోళ్లకి 3 స్టార్ ఇన్వర్టర్ చాలు అని నేను గట్టిగా చెప్తా. ఇంకోటి, స్టార్ల గీత రెండు మూడేండ్లకోసారి బీఈఈ (స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ) పైకి జరుపుతది, పాత స్టాక్ మీద 5 స్టార్ కొత్త లేబుల్‌లో 4 కావచ్చు, కాబట్టి లేబుల్ ఏ ఏడాదిదో కూడా చూడండి. స్టార్లు లెక్కపెట్టకుండా ఐఎస్ఈఈఆర్ నంబర్‌తో నంబర్ పోల్చుకుంటే మోసపోరు.

ఇగ టన్ను, అంటే ఏసీ ఎంత చల్లబరచగలదో దాని కొలత. 10/12 రూమ్‌కి మామూలుగా 1 టన్ సరిపోతది, కానీ మీది పై అంతస్తు, అందుకే షాపాయన 1.5 అంటున్నడు, ఆయన చెప్పేదాంట్లో తప్పు లేదు. కానీ ఆ అర టన్ను రూమ్ కోసం కాదు, స్లాబ్ కోసం. పొద్దటి నుంచి ఎండ తాగిన కాంక్రీటు ఆ వేడిని లోపలికి వదలడానికి కొన్ని గంటలు పడ్తది, అందుకే మధ్యాహ్నం కంటే రాత్రి పడుకునే టైంకి రూమ్ ఉడికిపోతున్నట్టు ఉంటది. నమ్మకం లేకపోతే ఈ రోజు రాత్రి పదింటికి ఫ్యాన్ బంద్ చేసి, అది పూర్తిగా ఆగినంక, ఆ పక్కన స్టూల్ వేస్కొని స్లాబ్‌కి అరచెయ్యి ఆనించి చూడండి, తర్వాత అదే చెయ్యి తూర్పు గోడకి ఆనించండి. తేడా చేతికే తెలుస్తది. మీ ఏసీ సగం కరెంటు ఆ స్లాబ్‌తో కొట్లాడడానికే పోతది.

అందుకే ఏసీకి ముందు డాబా మీద తెల్ల పూత వెయ్యండి. ఇది నా సొంత పిచ్చి కాదు, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని 2028 దాకా పెట్టింది, 600 గజాలు దాటిన ప్లాట్లలో కట్టే కొత్త ఇండ్లకి తప్పనిసరి అని అందులోనే ఉంది. ఉత్త కాంక్రీటు ఎండలో చాలా భాగం తాగేస్తది, కొత్తగా వేసిన మంచి తెల్ల పూత 80 శాతం దాకా వెనక్కి కొడ్తది. షాపులో కూల్ రూఫ్ పెయింట్ అని అడగండి, డబ్బా మీద ఎస్ఆర్ఐ అని నంబర్ ఉంటది, ఎండలో ఎంత చల్లగుంటదో చెప్పేది అది, 100కి దగ్గరగా ఉన్నది చూసి తీస్కోండి. అంత బడ్జెట్ లేదంటే సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు కోటింగ్‌లు వేసినా పని చేస్తది, కాకపోతే వానలకి పోతది, మళ్లీ మార్చిలో వేస్కోవాలె. పూత వేసేముందు పగుళ్లు నింపండి, పాకుర్లు ఉంటే గీకండి, లేకపోతే పెచ్చులు లేస్తది. దుమ్ము పడి నల్లబడితే సగం పని పోయినట్టే, కాబట్టి ఎండకాలం మొదట్లో ఒకసారి చీపురేసి కడగండి. లోపల రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తేడా వస్తది, ఇల్లుని బట్టి. పూత వేసినంక పది రోజులు పడుకొని చూసి అప్పుడు కూడా ఏసీ కావాలనిపిస్తే 1 టన్ ఇన్వర్టర్ 3 స్టార్ తెచ్చుకోండి, మీకు అది సరిపోతది.

కాజీపేట నుంచి: "నాలుగు ఫ్యాన్లు పాతయి. బీఎల్‌డీసీ ఫ్యాన్లు అంటున్నరు, నిజంగా ఆదా అయితదా, లేక ఉత్త ప్రచారమా?"

నిజంగనే అయితది అక్కా. బీఎల్‌డీసీ అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటర్. పాత ఫ్యాన్ 75 వాట్ల దాకా తీస్కుంటది, బీఎల్‌డీసీ 30 దగ్గర. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగుల్తయి, నాలుగూ అంతసేపు తిరిగే ఇంట్లో 80. పైన హనుమకొండ అన్నకి చెప్పిన 200 గీత గుర్తు పెట్టుకోండి, 240 కాల్చే ఇల్లు ఫ్యాన్లు మార్చుకుంటేనే 160కి దిగిపోతది. అన్నీ ఒకేసారి కొనలేకపోతే ఎక్కువసేపు తిరిగేది ఏదో దాన్ని ముందు మార్చండి, సాధారణంగా హాల్‌ది. పాత రెగ్యులేటర్ తీసేయమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి, వీటికి రిమోట్ ఉంటది, రెగ్యులేటర్ మీద నడిపితే లోపలి సర్క్యూట్ పోతది. ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే కరెంట్ పోయినప్పుడు అదే బ్యాటరీ మీద ఫ్యాన్లు చాలాసేపు తిరుగుతయి, నాకు అన్నిటికంటే నచ్చిన లాభం ఇదే.

కరీంనగర్ నుంచి: "కూలర్ మేలో మస్తు పని చేసింది, వానలు పడంగనే ఉక్కపోత. మోటర్ పోయిందా?"

మోటర్ బాగనే ఉంది తమ్మీ. కూలర్ గాలిని నీళ్లతో తడిపి చల్లబరుస్తది, గాలి పొడిగా ఉంటేనే నీళ్లు ఆవిరైతయి. 42 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉన్న రోజు మంచి కూలర్ 27-28 డిగ్రీల గాలి ఇవ్వగలదు. జూలైలో 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే 29 కంటే కిందికి రాదు, పైగా రూమ్ అంతా చెమ్మ. వానలు మొదలైతే పంపు బంద్ చేసి ఫ్యాన్ లాగా వాడుకోండి. మేలో మాత్రం మన దిక్కు ఎండలకి కూలర్‌ని మించింది లేదు, 150-200 వాట్లు, అంతే. కిటికీ తెరిచి పెట్టాలె, తలుపులన్నీ మూసి కూలర్ వేస్తే అర గంటకే ఉక్కపోస్తది. బోర్ నీళ్లకి గడ్డి మీద తెల్ల ఉప్పు పేరుకుంటది, వారానికోసారి ట్యాంక్ ఖాళీ చేసి కడగండి, డెంగీ దోమ పెట్టే గుడ్లు కూడా అట్లనే పోతయి.

గోదావరిఖని నుంచి: "మా ఏసీ నిజంగా ఎంత కాలుస్తుందో తెలుసుకోవడానికి స్మార్ట్ ప్లగ్ కొనాల్నా? ఇంకోటి, మెకానిక్ ప్రతి ఏడాది గ్యాస్ అయిపోయింది అంటున్నడు."

16 యాంప్ స్మార్ట్ ప్లగ్ మంచిదే, యాప్‌లో రోజువారీ యూనిట్లు కనబడుతయి, 6 యాంప్‌ది మాత్రం ఏసీకి వాడొద్దు, కాలిపోతది. కానీ పైసా ఖర్చు లేకుండా మీ మీటర్ దగ్గరే చూస్కోవచ్చు. దాని మీద ఎర్ర లైట్ మిణుకుమంటది, పక్కన యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటది, చాలావాటి మీద 3200 అని. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి ఏసీ ఒక్కటే ఆన్ పెట్టి, ఫోన్‌లో టైమర్ పెట్టుకొని ఒక్క నిమిషం లెక్కపెట్టండి. 3200 మీటర్ అయితే నిమిషానికి 80 మిణుకులంటే 1500 వాట్లు, 16 మిణుకులంటే 300 వాట్లు. ఏసీ వేసిన కొత్తలో ఒకసారి, గంట తర్వాత ఒకసారి లెక్కపెట్టండి, రూమ్ చల్లబడ్డంక ఇన్వర్టర్ ఏసీ మిణుకులు బాగా తగ్గాలె. తగ్గట్లేదంటే ఫిల్టర్ మూసుకుపోయి ఉంటది, లేదా తలుపు కింద నుంచి వేడి గాలి వస్తుండాలె, లేదా మీరు 18లో పెట్టి ఉంటరు. 2020 నుంచి కొత్త ఏసీలు 24లో మొదలయ్యేటట్టు రూల్ పెట్టింది ఊరికే కాదు, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంట్ మిగుల్తదని బీఈఈ చెప్తది. 26లో పెట్టి ఫ్యాన్ చిన్నగా వెయ్యండి, హాయిగా నిద్ర పడ్తది. మీ దగ్గర బొగ్గు దుమ్ము ఎక్కువ కాబట్టి ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కడగండి.

గ్యాస్ సంగతి: ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు, అదే గ్యాస్ లోపల తిరుగుతనే ఉంటది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉంది. లీక్ ఎక్కడో చూపించి అది మూసినంకనే నింపమనండి, చూపించకుండా నింపుతా అంటే వేరేవాళ్లని పిలవండి.

ఆదిలాబాద్ నుంచి: "డిసెంబర్, జనవరిలో చలికి తట్టుకోలేం, ఇంట్లో చిన్నపిల్లలున్నరు. ఆయిల్ హీటర్ కరెంట్ తక్కువ తీస్కుంటదని చెప్తున్నరు."

తీస్కోదమ్మా. ఫ్యాన్ హీటర్, రాడ్ హీటర్, ఆయిల్ హీటర్ ఏదైనా ఒక యూనిట్ కరెంటుకి ఇచ్చే వేడి ఒక్కటే. ఆయిల్‌ది మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతది, ఎర్రగా కాలే రాడ్ బయటికి ఉండదు కాబట్టి పిల్లలున్న ఇంటికి అది మేలు, అంతవరకే. 2000 వాట్లది ఆగకుండా 8 గంటలు కాలితే 16 యూనిట్లు, థర్మోస్టాట్ ఉంటే కొంత తగ్గుతది. నిజంగా తక్కువ కాల్చేది హాట్ అండ్ కోల్డ్ ఏసీ, అది బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి లాగుతది, ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తది, మన చలికి అది మస్తు సరిపోతది. మీరు ఎట్లాగూ ఎండకాలానికి ఏసీ కొనేటట్టుంటే ఆ మోడలే అడగండి, రెండు కాలాలకీ పనికొస్తది. ఏసీ ఆలోచన లేకపోతే పడుకునే ముందు గంటసేపు హీటర్ వేసి కిటికీ సందులకి గుడ్డ కుక్కి బంద్ చేసెయ్యండి. ఒక్క మాట దండం పెట్టి చెప్తున్నా, బొగ్గుల కుంపటి తలుపులు మూసిన రూమ్‌లో పెట్టుకొని పడుకోవద్దు, దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలనే ప్రాణం పోతది.

స్నానాల నీళ్లకి ఒక బకెట్‌కి అర యూనిట్ పైన అయితది, నలుగురున్న ఇంట్లో నెలకు 65-70 యూనిట్లు. సొంతిల్లు అయితే 100 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకోండి, మీ దగ్గర పొద్దున చలి గజగజలాడించినా మధ్యాహ్నం ఎండ బాగనే కాస్తది కదా.

జగిత్యాల నుంచి: "3 కిలోవాట్ సోలార్ పెడ్తే ఏసీ ఫ్రీగా నడుస్తదా? కరెంట్ పోయినప్పుడు కూడా నడుస్తదా?"

3 కిలోవాట్‌కి రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తయి, కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో సబ్సిడీ 78 వేలు. పగలు మిగిలింది గ్రిడ్‌కి, అంటే కరెంటోళ్ల లైన్‌కి పోయి రాత్రి మీ ఏసీ వాడిన దాంట్లో తీసేస్తరు, కాబట్టి బిల్లు వరకు మీ ఏసీ దాదాపు వెళ్లిపోతది. కానీ కరెంట్ పోతే మామూలు ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా లైన్‌కి కలిపిన) సోలార్ కూడా ఆగిపోతది, లైన్ మీద పని చేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని అట్లా చేస్తరు. బ్యాకప్ కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ తీస్కోవాలె, ఖర్చు బాగా పెరుగుతది. వాటర్ ట్యాంక్ నీడ ప్లేట్ల మీద పడకుండా పెట్టించండి, కోతులు తిరిగే ఊరైతే వైర్లన్నీ పైపుల్లో వేయించండి. ప్లేట్లు బెడ్‌రూమ్ మీదికి వచ్చేటట్టు బిగిస్తే ఆ నీడకి స్లాబ్ కూడా చల్లగుంటది, మిగిలిన జాగాలో తెల్ల పూత వేసెయ్యండి.