బాకీ భాషలో ప్రేమ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. అన్న తన వాటాకు వచ్చిన ఇంటిని చెల్లెలికి రాసిచ్చి, ఏళ్ల తరబడి ఆమె కృతజ్ఞత కోసం ఎదురుచూడడమనే ఇతివృత్తం మంచిది. కానీ చివరి పుటలో నీవే న్యాయమూర్తివై అతడు స్వార్థపరుడని తేల్చేయడం నాకు నచ్చలేదు. అతడు ఇంటిని తిరిగి అడగడు గానీ, ఇచ్చినందుకు రావలసిన ప్రేమను బాకీగా లెక్కకట్టుకుంటాడు.

ఆస్తి విషయంలో ధర్మం చెప్పడం కొంత సులువు. ప్రకృతిలో ఉన్నదానికి తన శ్రమను జోడించినవాడికి దానిపై హక్కు వస్తుందని ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ 1689లో వాదించి, ఇతరులకు సరిపడినంత, అంతే మేలైనది మిగలాలన్న షరతు కూడా పెట్టాడు. (హక్కును గుర్తుంచుకున్నంతగా ఆ షరతును ఎవరూ గుర్తుంచుకోరు.) ప్రేమకు ఈ లెక్క అతకదు. మన భాషకు ఆ సంగతి ముందే తెలుసేమో, 'నా పుస్తకం' అనేవాడు, తోబుట్టువులు లేకపోయినా, 'మా అమ్మ' అనే అంటాడు.

తీసుకున్నది తిరిగి ఇవ్వడమే న్యాయమన్న మాటను, గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'రిపబ్లిక్' అనే సంభాషణ గ్రంథం ఆరంభంలోనే, అతని గురువు సోక్రటీస్ ఒక ప్రశ్నతో కదిలిస్తాడు: దాచమని ఆయుధం ఇచ్చిన మిత్రుడు మతి చలించాక వచ్చి అడిగితే ఇవ్వవచ్చునా? వస్తువు అతడిదే, అయినా చేయి ముందుకు రాదు. నీ కథలో అలాంటి ఘడియ లేదు.

అందుకే షేక్‌స్పియర్ నాటకం 'కింగ్ లియర్' మళ్లీ చదవమంటున్నాను. ఎవరి ప్రేమ ఎక్కువైతే వారికి రాజ్యంలో పెద్ద వాటా అంటాడు రాజు లియర్, తన ముగ్గురు కూతుళ్లతో. అక్కలిద్దరూ పొగడ్తలు కురిపిస్తారు. చిన్న కూతురు కార్డీలియా మాత్రం తన బాధ్యత మేరకే ప్రేమిస్తానని, పెళ్లయితే అందులో సగం భర్తకు పోతుందని చెబుతుంది; తండ్రి త్రాసు పట్టుకుని కూర్చున్నాడు కనుక ఆమె కూడా తూకం భాషలోనే జవాబిచ్చిందని నా అభిప్రాయం. ఆ జవాబుకు తండ్రి ఆమెను వాటా లేకుండా వెళ్లగొడతాడు. తరువాత, నాలుగో అంకంలో, సర్వం పోగొట్టుకున్న లియర్ 'నన్ను ద్వేషించడానికి నీకు కారణముంది' అని అన్నప్పుడు, ఏ కారణమూ లేదని ఆమె రెండుసార్లు అంటుంది. కారణముందని ఆమెకు తెలుసు. నిజం కోసం రాజ్యాన్నే వదులుకున్న మనిషి ఇక్కడ అబద్ధమాడుతుంది, బాకీని మాఫీ చేశానని కూడా అనదు, అసలు బాకీయే లేదంటుంది.

నీ చివరి పుట తీసివేయి. అన్న ఆ ఇంటికి వచ్చి, లోపలికి రావచ్చునో లేదో తెలియక గుమ్మంలో నిలబడితే చెల్లెలు ఏమంటుందో, ఆ ఒక్క మాట రాసి పంపు.