టెక్ సందేహాలు: మెయిల్ వెళ్ళింది సరే, పాస్‌వర్డ్ ఎవరి చేతికి వెళ్ళింది?

సందేహం: బ్యాకప్ నివేదికను ప్రతి రాత్రి మెయిల్ చేసేందుకు పైథాన్‌లో ఒక స్క్రిప్టు రాసుకున్నాను. సర్వర్ పేరుకు బదులు ఐపీ చిరునామా ఇచ్చాను. సర్వర్‌లో మెయిల్ తీసుకునే ద్వారాల్లో ఒకటైన 465 పోర్టులో అది ఏ సందేశమూ చూపకుండా నిలిచిపోతోంది. 587లో స్టార్ట్‌టీఎల్ఎస్ (మామూలుగా మొదలైన కనెక్షన్‌ను తర్వాత గుప్తలిపిలోకి మార్చే ఆదేశం) వాడితే, సర్వర్ గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్ సరిపోలలేదంటూ ఆగిపోయింది. ఆ పరిశీలనను ఆపేసే రెండు పంక్తులు చేర్చాక మెయిల్ వెళ్తోంది. ఇలాగే ఉంచవచ్చా?

జవాబు: ఉంచకూడదు. పోర్టులు మారినా, భాషలు మారినా ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంది, ‘ఆపేశాక పనిచేస్తోంది’ అన్న చివరి మాట మాత్రం మారడం లేదు.

ముందు 465 సంగతి. అక్కడ టీఎల్ఎస్ (కనెక్షన్‌ను గుప్తలిపిలో నడిపే పద్ధతి) మొదటి క్షణం నుంచే ఉంటుంది కనుక మీ ప్రోగ్రామే ముందుగా మాట్లాడాలని సర్వర్ ఎదురుచూస్తుంది; మీరు వాడిన మామూలు ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే నియమావళి) క్లాసేమో సర్వర్ నుంచి రావలసిన 220 అనే పలకరింపు కోసం ఎదురుచూస్తుంది. ఎస్ఎంటీపీ_ఎస్ఎస్ఎల్ క్లాసుకు మారండి, టైమౌట్ (ఎంతసేపు ఎదురుచూడాలన్న గడువు) కూడా ఇవ్వండి. 2018లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8314 సైతం స్టార్ట్‌టీఎల్ఎస్ కంటే మొదటి క్షణం నుంచే టీఎల్ఎస్ ఉండే ఈ పద్ధతికే మొగ్గు చూపింది.

నన్ను కలవరపెడుతున్నది ఆ రెండు పంక్తులే. పరిశీలన ఆపేసినా సమాచారం గుప్తలిపిలోనే వెళ్తుంది, కానీ ఎవరికి వెళ్తోందో అడిగేవారు ఉండరు. దారి మధ్యలో ఎవరైనా తమ సొంత సర్టిఫికెట్ చూపి నిలబడితే, మీ స్క్రిప్టు వారితోనే భద్రంగా కనెక్టయి, యూజర్ నేమునూ పాస్‌వర్డునూ స్వయంగా అప్పగిస్తుంది. ఆ రెండూ బేస్64లో ఉంటాయి కదా అని ధైర్యపడకండి. అది రహస్య లిపి కాదు, ఎవరైనా ఒక్క ఆదేశంతో విప్పగల రాత. పైగా స్క్రిప్టు అర్ధరాత్రి తనంతట తాను నడుస్తుంది, హెచ్చరిక వచ్చినా చూసే కన్ను ఉండదు. స్టార్ట్‌టీఎల్ఎస్ విఫలమైతే ఆ దోషాన్ని ‘పాస్’ (ఏమీ చేయకు) అని మింగేసి నేరుగా లాగిన్‌కు వెళ్ళే కోడ్ కూడా నేను చూశాను. అందులోనైతే ఆ గుప్తలిపి కూడా మిగలదు.

తప్పంతా మీదేనని అనను. పైథాన్ ఎస్ఎంటీపీ లైబ్రరీకి ఎస్ఎస్ఎల్ కాంటెక్స్ట్ (టీఎల్ఎస్ పరిశీలన ఎలా జరగాలో చెప్పే అమరిక; ఎస్ఎస్ఎల్ అన్నది టీఎల్ఎస్‌కు పాత పేరు) ఇవ్వకపోతే అది సర్టిఫికెట్‌ను అసలు పరిశీలించదు, ఆ మాట పైకి చెప్పదు; మీరు కాంటెక్స్ట్ ఇచ్చారు కనుకే ఆ తేడా బయటపడింది. భద్రతను అడిగి తీసుకోవలసిన ఐచ్ఛికంగా ఉంచడం అజాగ్రత్త రూపకల్పనే. స్కాన్ చేసిన కాగితాలను మెయిల్ చేసే యంత్రాలలో ‘ఎస్ఎస్ఎల్: అవును, కాదు’ అన్న ఒక్క మీట మాత్రమే పెట్టి, సర్టిఫికెట్ ఊసే ఎత్తని తయారీదారులదీ ఇదే ధోరణి.

మీ స్క్రిప్టులో దోషం ఐపీ చిరునామా దగ్గరే ఉండవచ్చు. సర్టిఫికెట్లు సాధారణంగా పేరు మీద జారీ అవుతాయి కనుక సర్వర్ పూర్తి పేరు ఇచ్చి, క్రియేట్_డిఫాల్ట్_కాంటెక్స్ట్‌తో తయారైన కాంటెక్స్ట్‌ను జత చేయండి. సర్టిఫికెట్ మీ సంస్థ సొంతంగా జారీ చేసుకున్నదైతే, దానిపై సంతకం చేసిన మూల సర్టిఫికెట్ ఫైలును ఆ కాంటెక్స్ట్‌కు చూపించాలి గాని పరిశీలనను తీసేయకూడదు. ఇన్ని రాత్రులు స్క్రిప్టు కళ్ళు మూసుకుని నడిచింది కనుక, దాన్ని సరిచేసిన రోజే పాత పాస్‌వర్డును రద్దు చేసి, ఈ పనికి మాత్రమే పరిమితమైన యాప్ పాస్‌వర్డు తీసుకుని, దానిని కోడ్ బయట ఉంచండి.