నాన్నగారి నిద్రకు వాచీ వేసే మార్కులు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి 71 ఏళ్లు. సంక్రాంతికి స్మార్ట్‌వాచీ కొనిచ్చాను. నిద్ర స్కోరు ఏ రోజూ 55 దాటదు, డీప్ స్లీప్ అరగంటే అంటోంది. నిద్ర చాలకపోతే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందని వాట్సాప్‌లో ఎవరో పంపారు. ఇక పొద్దున కాఫీ కంటే ముందు వాచీ, వెంటనే టెన్షన్! ఇన్‌ఫ్లమేషన్ వాచీలో తెలుస్తుందా?

జవాబు: తెలియదు. ఇన్‌ఫ్లమేషన్ అంటే దెబ్బకో జబ్బుకో మన రోగనిరోధక వ్యవస్థ స్పందించడం. ఇక్కడ చెప్పేది కాళ్ల వాపులాగా పైకి కనిపించేదీ కాదు, సీఆర్పీ అనే ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్షలాంటి వాటిలో బయటపడేది. అందులోనూ జలుబో చిగుళ్ల నొప్పో ఉన్న వారం ఆ అంకె పెరగొచ్చు.

వాచీ వెనక పచ్చ లైటు నాడిని చూస్తుంది, లోపలి సెన్సర్ చేతి కదలికను చూస్తుంది. మిగతాదంతా అంచనా. డీప్ స్లీప్ నిక్కచ్చిగా తేలాలంటే ల్యాబ్‌లో తలకు వైర్లు అంటించి మెదడు తరంగాలు చూడాల్సిందే. నేనోసారి సోఫాలో కదలకుండా క్రికెట్ చూస్తే, నా వాచీ 40 నిమిషాలు నిద్రపోయానని రాసుకుంది. చివరి ఓవర్లు, చెమటలు పడుతున్నాయి నాకు! నాన్నగారు మూడింటికే మెలకువొచ్చి కళ్లు మూసుకుని పడుకున్నా దాని లెక్క అలాగే ఉంటుంది. పైగా వయసు పెరిగేకొద్దీ డీప్ స్లీప్ తగ్గడం మామూలే.

వాట్సాప్ మాట మాత్రం పూర్తిగా పుకారు కాదు. 2016లో అమెరికా పరిశోధకుడు మైఖేల్ ఇర్విన్ బృందం 72 అధ్యయనాలను కలిపి చూసింది. నిద్ర సరిగా పట్టనివాళ్లలో సీఆర్పీ, ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే ఐఎల్-6 అనే మరో ప్రొటీన్ రక్తంలో ఎక్కువగా కనిపించాయి. 8 గంటలకు మించి పడుకునేవాళ్లలోనూ అంతే. కాబట్టి స్కోరు కోసం మంచం మీద ఇంకో రెండు గంటలు దొర్లమనకండి. ఇన్‌ఫ్లమేషన్‌తో వచ్చే మోకాళ్ల నొప్పి కూడా నిద్ర చెడగొడుతుంది కదా, నిద్ర చెడడం, ఇన్‌ఫ్లమేషన్ రెండింటిలో ఏది ముందో చెప్పడం అంత తేలిక కాదు.

ఇలాంటి అధ్యయనాల్లో నిద్ర బాగుందో లేదో చాలావరకు పడుకున్న మనిషినే అడిగి తెలుసుకుంటారు. మీరూ అడగండి: రాత్రి ఎన్నిసార్లు లేచారు, పగలు కునుకు ఆగుతోందా? గురకమధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తుంటే బరంపురమో శ్రీకాకుళమో తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి, ఆలస్యం వద్దు.

యాప్‌లో నిద్ర నోటిఫికేషన్ ఆపేయండి. రాత్రి వాచీని చార్జింగ్‌లో పెట్టేసి, సాయంత్రం మహేంద్రతనయ వైపు నడకకు కట్టుకోమనండి. నిద్ర దశల కంటే అడుగుల లెక్కే దానికి బాగా వచ్చు.