జ్ఞానస్నానానికి వెండి గ్లాసు కన్నా కొవ్వొత్తి కుంది మేలు

ప్రశ్న: ఆఫీసులో నాతో పనిచేసే క్యాథలిక్ స్నేహితురాలి పాపకు వచ్చే నెల చర్చిలో జ్ఞానస్నానం (బాప్తిస్మం). మేము హిందువులం. వెండి గ్లాసు ఇద్దామనుకుంటున్నాను. హుందాగా ఉంటుందా? ఇంకేమైనా మంచిది ఉందా?

జవాబు:

వెండి గ్లాసు ఇస్తే ఎవరూ తప్పు పట్టరు గానీ, నన్నడిగితే వద్దనే అంటాను. ఆ పాప పుట్టిననాటి నుంచి ఇప్పటికే ఆ ఇంటికి ఉగ్గుగిన్నె, గ్లాసు, గిలక్కాయ, మొలతాడు అన్నీ వచ్చేసి ఉంటాయి. అమ్మమ్మగారి వైపు నుంచి ఒక జత, నాయనమ్మగారి వైపు నుంచి ఒక జత. ఫంక్షన్ అయిన మర్నాడే అవన్నీ గుడ్డసంచిలో మూటగా బీరువాలోకి వెళ్తాయి. ఏ గ్లాసు ఎవరిచ్చారో తల్లికి కూడా గుర్తుండదు. మీరిచ్చిన డబ్బులో తరుగు, మజూరీ పోగా మిగిలిన వెండి ఎంతో కూడా ఒకసారి లెక్కేసుకోండి.

నేను గుంటూరు దగ్గర పుట్టి పెరిగిన క్యాథలిక్‌ని. చిన్నప్పటి నుంచి జ్ఞానస్నానాలు చూస్తూనే ఉన్నాను. నేను చూసిన వాటిలో అన్నిటికన్నా గొప్ప బహుమతి ఇచ్చింది క్రైస్తవులు కాదు. మా పక్కింటి పిన్నిగారు.

మా అమ్మాయి జ్ఞానస్నానానికి పిలవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ ఒంటినిండా పసుపు రాసుకుని శుక్రవారం పూజ చేసుకునే మనిషి. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "గుళ్ళో పాపకి ఏమేం చేస్తారమ్మా?" అని అడిగారు. మా వైపు క్యాథలిక్కులు చర్చిని గుడి అనే అంటారు, ఆవిడకీ అదే అలవాటు. చెప్పాను. ఫాదర్ గారు తల మీద మూడుసార్లు నీళ్ళు పోస్తారు, తండ్రి, కుమార, పవిత్రాత్మ పేరున. మాడు మీద పరిమళ తైలం రాస్తారు. తెల్లని వస్త్రం కప్పుతారు. చివరికి పాస్కా కొవ్వొత్తి నుంచి ఇంకో కొవ్వొత్తి వెలిగించి జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్) చేతికి ఇస్తారు. ఈస్టరు ముందు రాత్రి పూజలో వెలిగించే పెద్ద కొవ్వొత్తే పాస్కా కొవ్వొత్తి. దాని మీద ఆ సంవత్సరం అంకెలు ఉంటాయి. జ్ఞానస్నానమప్పుడూ అదే వెలుగుతుంది, మనిషి చనిపోయినప్పుడు శవపేటిక పక్కనా అదే వెలుగుతుంది.

ఆవిడ అంతా విని ఒకే ప్రశ్న వేశారు. "మరి ఆ కొవ్వొత్తి ఇంటికి తెచ్చాక ఎక్కడ పెడతారు?"

ఎక్కడా పెట్టరండి. అదే నిజం. ఫొటోలు తీయడం అవగానే ఎవరో ఉఫ్‌మని ఊదేస్తారు, ఇంకెవరో కవర్లో పడేస్తారు. కరెంటు పోయిన రాత్రి వంటింట్లో వెలిగించుకున్నవాళ్ళని కూడా చూశాను.

రెండు రోజులకి పిన్నిగారు దారం ముక్క పట్టుకుని వచ్చారు. జ్ఞానతల్లి ముందే కొని తెచ్చిన కొవ్వొత్తిని చూపించమని, దాని చుట్టూ దారం చుట్టి కొలత తీసుకున్నారు. ఆవిడ పుట్టిల్లు తణుకు దగ్గర అజ్జరం వైపు. ఇత్తడి పనికి పేరున్న ఊరది. అక్కడ తెలిసినవాళ్ళతో కుంది చేయించారు. పీట, కాడ మామూలు దీపపు కుందికి ఉన్నట్టే ఉన్నాయి, పైన మాత్రం నూనె ప్రమిద బదులు కొవ్వొత్తి సరిగ్గా దిగేలా గుంట పెట్టించారు. కుంది నెత్తిన హంస ఉంటుంది చూడండి, అది వద్దని చెప్పారట. శిలువ పెట్టించమంటావా అని నన్నడిగారు. వద్దండి, సాదాగానే ఉండనివ్వండి అన్నాను. పీట అడుగున పాప పేరూ జ్ఞానస్నానం తేదీ చెక్కించారు. "దీపం ఇస్తారని చెప్పావు కదమ్మా, దీపానికి కుంది ఉండొద్దూ?" అన్నారు, అంతే.

ఆ రోజు పూజకు ముందు ఫాదర్ గారికి చూపిస్తే, ఆయన దాన్ని తీసుకెళ్ళి పీఠం మెట్టు మీద పెట్టారు. వెలిగించిన కొవ్వొత్తి తిన్నగా అందులోకే వెళ్ళింది. ఇప్పటికీ ఏటా ఆ తేదీన మా ఇంట్లో భోజనాల ముందు అది వెలుగుతుంది. మా అమ్మాయి మొదటి సత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) తీసుకున్న రోజున ఆ కుందినే గుడికి తీసుకెళ్ళింది. బంగారపు గొలుసులు ఇచ్చినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ప్రేమను తక్కువ చేయను. ఆ గొలుసులు మాత్రం లాకర్లోనే ఉన్నాయి.

అందుకే నా మాట ఇది. జ్ఞానస్నానంలో పాపకు ఏం చేస్తారో ముందు తెలుసుకోండి. ఆ చేసేవాటిలో ఒకదానికి పనికొచ్చే వస్తువు ఇవ్వండి. కొవ్వొత్తికి కుంది ఇవ్వొచ్చు. లేదా తెల్లని వస్త్రం. మా వైపు పెళ్ళికూతురు తెల్లచీరే కడుతుంది. మీ స్నేహితురాలు ఒప్పుకుంటే ఆ పెళ్ళిచీర జాకెట్టు ముక్క నుంచో, కొంగు చివర నుంచో పాపకు చిన్న గౌను కుట్టించండి. బజారులో దొరికే నైలాన్ గౌను, దాని మీద గుచ్చుకునే ముత్యాలు వేసవిలో పిల్లల మెడంతా దద్దుర్లు తెప్పిస్తాయి. మెత్తటి నూలు లోపలి గుడ్డ తప్పనిసరిగా వేయించండి.

కుంది ఇస్తే దాని మీద జ్ఞానస్నానం తేదీ తప్పక చెక్కించండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పుట్టినరోజు ఊరందరికీ తెలుసు, జ్ఞానస్నానం తేదీ ఇంట్లోవాళ్ళకే తెలియదు. మాలో గుళ్ళో పెళ్ళి జరగాలంటే జ్ఞానస్నాన పత్రం కావాలి, అదీ ఆరు నెలలలోపు కొత్తగా తీసుకున్నది. మా బాబాయి కొడుకు పెళ్ళికి ఏ విచారణలో (అంటే ఏ గుడి పరిధిలో), ఏ సంవత్సరంలో జ్ఞానస్నానం ఇచ్చారో ఎవరికీ గుర్తులేక, రెండు ఊళ్ళ గుళ్ళలో పాత రిజిస్టర్లు తిప్పించారు. పెళ్ళిపత్రికలు అచ్చయిపోయి ఉన్నాయి, పెళ్ళికొడుకు తల్లి ఒకటే ఏడుపు. ఒక్క వస్తువు మీద ఆ తేదీ ఉండుంటే ఆ అవస్థ లేదు.

ఇంకో సంగతి, మీరు అడగకపోయినా చెప్పాలి. జ్ఞాన తండ్రి, జ్ఞాన తల్లి అంటే గొలుసు వేసి ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు కారు. పదహారేళ్ళు నిండి, భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం, కన్ఫర్మేషన్) పొందిన క్యాథలిక్కే ఆ స్థానంలో నిలబడాలి, రిజిస్టరులో వాళ్ళ పేర్లు రాస్తారు. బిడ్డ విశ్వాసానికి తోడుంటామని అందరి ముందూ ఒప్పుకుంటారు. ఈమధ్య ఎవరు అమెరికాలో ఉన్నారు, ఎవరు ఎక్కువ పెడతారు అని చూసి ఎంచుకుంటున్నారు. ఆ బిడ్డ ఏ తరగతి చదువుతుందో కూడా తెలియని జ్ఞానతండ్రులు ఎంతమందో. నాకిది చాలా బాధ. మీరు ఆ స్థానంలో నిలబడలేరు గానీ, ఏటా ఆ తేదీన ఒక ఫోను చేస్తే వాళ్ళకన్నా మీరే ఆ పాపకు దగ్గరవుతారు.

ఫొటోగ్రాఫర్ల గురించీ చెప్పాలి. నీళ్ళు పోసే క్షణంలో ఫాదర్ గారికీ తల్లికీ మధ్య దూరి, "మేడమ్, ఇటు చూడండి" అంటారు. మీరు ఫోనులో తీయాలనుకుంటే పక్క వరుసలో నుంచి తీయండి.

ఇక ఏది కొనకూడదో. పవిత్ర గ్రంథం ఇద్దామని చాలామందికి అనిపిస్తుంది, మంచి ఆలోచనే. కానీ తెలుగులో మామూలుగా దొరికే బైబిల్లో 66 గ్రంథాలే ఉంటాయి, క్యాథలిక్కులది 73 గ్రంథాలది. క్యాథలిక్ పుస్తకాల షాపులో అడిగి తీసుకోండి. అదే మీ స్నేహితురాలు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ లాంటి ప్రొటెస్టెంట్ సంఘం మనిషి అయి ఉంటే 66 గ్రంథాలదే సరి, జపమాల, మరియమాత స్వరూపం మాత్రం ఇవ్వకండి. బాప్టిస్టులు, పెంతెకొస్తులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ప్రార్థన చేసి బిడ్డను దేవుడికి అప్పగించే శిశు ప్రతిష్ఠ చేస్తారు. బ్యాటరీ వేస్తే కూసే బొమ్మలు ఏ సంఘానికీ వద్దు.

పాప పేరు కూడా కనుక్కోండి. ఇంట్లో ఏ హన్సికో, ఏ ఆద్యో అని పిలిచినా జ్ఞానస్నానానికి పునీతుల (సెయింట్ల) పేరు పెట్టేవాళ్ళు చాలామంది. మా పెద్దవాళ్ళలో శౌరి, రాయప్ప, చిన్నప్ప, జోజమ్మ, లూర్దమ్మ అన్నీ అలా వచ్చిన పేర్లే. ఆ పునీతుల పండుగ తేదీ తెలిస్తే మీకు రెండో ఫోను చేసే రోజు దొరికినట్టే. జోజప్పగారిది (సెయింట్ జోసెఫ్) మార్చి 19, ఫ్రాన్సిస్ శౌరివారిది (ఫ్రాన్సిస్ జేవియర్) డిసెంబరు 3, లూర్దుమాతది ఫిబ్రవరి 11. ఆ లూర్దుమాత పండక్కే విజయవాడలో గుణదల కొండ జనంతో నిండిపోతుంది.

ఒకవేళ గ్లాసు కొనేసి ఉంటే తిరిగి ఇచ్చేయకండి, పాప జ్ఞానస్నాన నామం, ఆ తేదీ చెక్కించి ఇవ్వండి. పేరు ఎలా రాయాలో మీ స్నేహితురాలి చేతనే కాగితం మీద రాయించుకోండి. జాన్సీ, ఝాన్సీ, జెన్సీ మూడూ వేరు వేరు పేర్లు, కంసాలి మీరు పలికింది విని చెక్కేస్తాడు. కుంది చేయించే పనైతే ఇప్పుడే మొదలుపెట్టండి. కొవ్వొత్తి ఎవరు కొంటున్నారో అడిగి దాని చుట్టుకొలత తీసుకోండి. ఆ రోజు పూజ మొదలవకముందే చేరుకుని, కుంది ఎవరి చేతికి ఇవ్వాలో జ్ఞానతల్లితో మాట్లాడి పెట్టుకోండి.