గుర్రంతో అడవిలో తొలి రాత్రి

అశ్వవైద్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉంటాము. మాకు పన్నెండేళ్ల ఆడ గుర్రం ఒకటి, దానికంటే చిన్నదైన గెల్డింగ్ (విత్తులు తీసిన మగ గుర్రం) ఒకటి ఉన్నాయి. అక్టోబరులో మా అమ్మాయితో కలిసి హూజియర్ నేషనల్ ఫారెస్టులో రెండు రాత్రులు గుడారం వేసుకుని ఉండాలని ఆశ. పగటి స్వారీకి భయం లేదు. రాత్రి గుర్రాలను చెట్టుకు కట్టేయవచ్చా? గుర్రాలను తీసుకెళ్లే ట్రైలరు బండికి కట్టాలా? మా ఆడ గుర్రం కొత్త చోట నీళ్లు సరిగా తాగదు. ఏం చేయమంటారు డాక్టరు గారూ?

జవాబు: ఉత్తరాల్లో చాలామంది దారుల గురించే అడుగుతారమ్మా. మీరు రాత్రి గురించి అడిగారు, చాలా సంతోషం. నా దృష్టిలో గుర్రంతో అడవికి వెళ్లడమంటే గుర్రానికి ఒక మంచి రాత్రి ఏర్పాటు చేయడమే. స్వారీ ఎలాగూ సాగుతుంది.

చెట్టు మొదలుకు మాత్రం కట్టకండి. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. తాడు రాత్రంతా ఒరుసుకుంటే ఆ పొర తెగుతుంది, చుట్టూరా తెగితే చెట్టు చచ్చిపోతుంది. పైగా విసుగెత్తిన గుర్రం గిట్టతో నేలను గీరుతుంది. ఉదయానికి వేళ్లు బయటపడతాయి. అడవిలో గుర్రాలకు ప్రవేశం వద్దనేవారికి అంతకంటే బలమైన సాక్ష్యం అక్కరలేదు. గుర్రాల శిబిరాల్లో కొన్నిచోట్ల కట్టేయడానికి దూలాలు ఉంటాయి. ఉంటే వాటినే వాడండి. ట్రైలరు కాసేపటికి పనికొస్తుంది కానీ రాత్రంతా వద్దు. గీరే గిట్ట దాని అంచుల కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది.

నా ఓటు హైలైనుకు, అంటే రెండు చెట్ల మధ్య ఎత్తున లాగి కట్టిన మోకుకు. కనీసం 20 సెంటీమీటర్ల మందమున్న బతికున్న చెట్లను ఎంచుకోండి. వాటి చుట్టూ 5 సెంటీమీటర్లకు తగ్గని వెడల్పు పట్టీలు వేసి, మోకును ఆ పట్టీలకు కట్టండి. మోకు గుర్రం తలకంటే పైన, 2 మీటర్లకు తగ్గకుండా, బిగువుగా ఉండాలి. సాగిపోయి కిందికి వేలాడే మోకు అసలు మోకు లేకపోవడం కంటే చెడ్డది. రెండు గుర్రాల మధ్య సుమారు 3 మీటర్ల ఎడం ఉంచి, ఏ గుర్రమూ చెట్టు మొదలును అందుకోలేనంత దూరంలో కట్టండి. పగ్గం అటూ ఇటూ జారిపోకుండా, మెలిపడకుండా మోకుకు బిగించిన తిరుగుడు కొక్కెం పెట్టండి. పగ్గం పొడవు దగ్గరే అసలు మెలకువ ఉంది: మూతి నేలకు అందాలి, కాలు మాత్రం పగ్గం దాటకూడదు. గుర్రాలు నిలబడే కునుకు తీస్తాయి. నిద్రలో ఒక దశకు మాత్రం పడుకోక తప్పదు. అది రోజుకు అరగంట పైచిలుకే కనుక, రెండు రాత్రులు పడుకోకపోయినా వాటికి హాని లేదు. మీరు కంగారు పడి పగ్గం పొడుగు చేయవద్దు.

ఇదంతా మొదటిసారి అడవిలో చేయకండి. ముందుగా ఇంటి దగ్గరే మోకు కట్టి, ఒక రాత్రి రెండింటినీ దాని మీద ఉంచి మీరు పక్కనే పడుకోండి. చీకట్లో పక్కది కదిలినప్పుడు మీ ఆడ గుర్రం ఏం చేస్తుందో, పగ్గం లాగినప్పుడు వెనక్కి తగ్గుతుందో తన్నుకుంటుందో మీకు అప్పుడే తెలియాలి. ఆ రాత్రి ప్రశాంతంగా గడవకపోతే ప్రయాణం వాయిదా వేయండి.

ఇక నీళ్లు. 500 కిలోల గుర్రం రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. కొత్త నీటి వాసన నచ్చక మానేస్తే, పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. ఇంటి నీళ్లు క్యాన్లలో తీసుకువెళ్లండి. వారం ముందు నుంచే ఇంటి నీటిలో కొంచెం యాపిల్ రసం కలిపి అలవాటు చేస్తే, అక్కడి నీటిలోనూ అదే రుచి దొరుకుతుంది. ఎండుగడ్డిని తడిపి పెట్టండి. కడుపులోకి నీరు పంపడానికి అంతకంటే నమ్మకమైన దారి లేదు. దాణా పెంచకండి. గడ్డే రోజుకు 8 నుంచి 10 కిలోలు కావాలి.

ఆ గడ్డి కలుపు విత్తనాలు లేనిదని ధ్రువీకరించినదైతే మేలు. పశ్చిమ రాష్ట్రాల జాతీయ అడవుల్లో చాలాచోట్ల ఇది తప్పనిసరి. మీ దగ్గర నియమం ఉన్నా లేకపోయినా పాటించండి, అదీ ప్రయాణానికి మూడు నాలుగు రోజుల ముందు నుంచే. విత్తనాలు గుర్రం పేగు దాటి లద్దెలో మొలకెత్తగలవు. ఆ లద్దెను శిబిరంలో చెప్పిన చోట వేయండి. అలాంటి చోటు లేకపోతే వెంట తెచ్చేయండి.

అక్టోబరు అన్నారు గనుక ఒక హెచ్చరిక. ఎర్ర మేపుల్ చెట్టు కింద గుర్రాన్ని నిలపకండి. దాని వాడిన, ఎండిన ఆకులు ఎర్ర రక్తకణాలను బద్దలు చేస్తాయి. కిలోన్నర తిన్నా ప్రాణం పోవచ్చు. మూత్రం కాఫీ రంగుకు తిరిగినా, చిగుళ్లు పాలిపోయినా క్షణం ఆలోచించకుండా వైద్యుణ్ని పిలవండి. నల్ల చెర్రీ వాడిన ఆకుల్లోనూ సైనైడ్ విషం పుడుతుంది. చెట్లను గుర్తుపట్టే పని మీ అమ్మాయికి అప్పగించండి. నాడి చూడటమూ నేర్పండి: దవడ కింద వేళ్లు ఆనిస్తే తగులుతుంది, విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. 60 దాటి, గుర్రం మేత మానేసి డొక్కలవైపు మాటిమాటికీ చూస్తుంటే తెల్లారేదాకా ఆగకండి.

హూజియర్‌లో స్వారీ చేసేవారు 17 ఏళ్లు నిండితే దారుల పర్మిట్ తీసుకోవాలి. 1982లో చట్టపరంగా రక్షిత అరణ్యమైన చార్ల్స్ డీమ్ ప్రాంతం అందులోదే. అక్కడ గుర్రాలు గుర్తుపెట్టిన దారులు దాటకూడదు.

ప్రశ్న: ఒహాయో నుంచి ఇండియానాలోని బ్రౌన్ కౌంటీ స్టేట్ పార్కుకు గుర్రాలతో వెళ్లాలనుకుంటున్నాము. మావి ఆరోగ్యంగానే ఉన్నాయి. అయినా రక్తపరీక్ష ఎందుకు అడుగుతారు?

జవాబు: ఆరోగ్యంగా కనిపిస్తాయి కనుకే. అశ్వ అంటురక్తహీనత అనే వైరస్ జబ్బు సోకిన గుర్రం ఏళ్లపాటు బాగానే తిరగవచ్చు, కానీ వైరస్ జీవితాంతం దాని ఒంట్లోనే ఉంటుంది. కుట్టే పెద్ద ఈగలు, శుద్ధి చేయని సూదులు దాన్ని పక్క గుర్రానికి చేరుస్తాయి. మందు లేదు, అమెరికాలో టీకా లేదు. 1970లలో లెరాయ్ కాగిన్స్ రూపొందించిన రక్తపరీక్షే దీన్ని పట్టిస్తుంది. అందుకే కాగిన్స్ పరీక్ష అంటారు. ఎక్కడెక్కడి గుర్రాలో ఒకే చోట నిలిచే శిబిరంలో దీన్ని అడగడం న్యాయమే.

రాష్ట్రం దాటే గుర్రానికి సాధారణంగా 12 నెలలలోపు కాగిన్స్ ఫలితం, 30 రోజులలోపు పశువైద్యుల ఆరోగ్యపత్రం అడుగుతారు. ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక బయలుదేరే వారంలో కాకుండా నెల ముందే రక్తం తీయించండి. కాగితాలు ఫోనులోనే ఉంచుకోకండి. అడవిలో సిగ్నల్ ఉండకపోవచ్చు. ఒక ముద్రిత ప్రతి ట్రైలరు లాగే బండిలో పెట్టండి.