పార్టీని ఒకటి అడుగు, అభ్యర్థిని ఇంకొకటి అడుగు

చి. స్రవంతికి,

తాత దీవెనలు. మొన్న ఓటరు కార్డు వచ్చిందని ఫోన్ చేసి, ఆ ఊపులోనే ఒక ప్రశ్న వేశావు. "తాతా, పార్టీ ఏం చేస్తానంటుందో చూసి ఓటెయ్యాలా, లీడర్ ఎట్లాంటోడో చూసి ఎయ్యాలా? మా హాస్టల్ల సగం మంది అటు, సగం మంది ఇటు" అని. అప్పుడు నేను బస్సులో నిలబడి ఉన్నాను. సరిగా వినబడక "రెండూ చూడాలె బిడ్డా" అని తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక ఆ మాట నాకే చప్పగా అనిపించింది. అందుకే ఈ ఉత్తరం. ముప్పై అయిదేళ్ళ నౌకరీలో పిల్లలకు తెలుగు పాఠాలు ఎన్ని చెప్పానో, ఎలక్షన్ డ్యూటీలు కూడా దాదాపు అన్ని చేసినట్టే అనిపిస్తుంది.

నా మొదటి డ్యూటీలలో ఒకటి 1983 జనవరిలో పడింది. ఎన్టీ రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టి తొమ్మిది నెలలు అయింది. బూత్‌లో ఒక ముసలమ్మ బ్యాలెట్ కాగితం అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "సారూ, ఇందుల రామారావు బొమ్మ లేదేంది?" అన్నది. ఏజెంట్లు నవ్వారు. మాకేమో నోరు విప్పడానికి లేదు. "గుర్తులే ఉంటయి అవ్వా" అని మాత్రం అన్నాడు మా ప్రిసైడింగ్ ఆఫీసరు. ఆమె అట్టచాటుకు పోయి చాలాసేపటికి వచ్చి, కాగితం మడిచి పెట్టెలో వేసి, రెండు చేతులూ జోడించి పోయింది. ఏ గుర్తు మీద ముద్ర గుద్దిందో దేవుడికి ఎరుక. సైకిల్ మీదే గుద్దింది అనుకో. రామారావుకు వేశాననుకునే ఆమె ఇంటికి పోయి ఉంటుంది. కానీ ఓటు పడింది సైకిల్ గుర్తు మీద నిలబడ్డ వేరే మనిషికి. ఆ మనిషి పేరు ఆమెకు తెలుసునో లేదో.

కాగితం పోయి మిషన్ వచ్చింది. ఇప్పుడు అభ్యర్థి ఫొటో కూడా వేస్తున్నారు. అయినా ముఖ్యమంత్రి కావాలనుకునే మనిషి ఫొటో ఆయన నిలబడిన నియోజకవర్గంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. గోడల మీద ఒకరి ముఖం, మిషన్ మీద ఇంకొకరి ముఖం. మనవాళ్ళ తికమక అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పార్టీ దగ్గర చూడాల్సింది విధానం, అభ్యర్థి దగ్గర చూడాల్సింది గుణం. మనం ఈ రెండింటినీ తారుమారు చేసుకున్నాం. పార్టీ అనగానే పెద్ద నాయకుడి మాటతీరు, నడక, కోపం గురించి మాట్లాడుకుంటాం. స్థానిక అభ్యర్థి వస్తే "మా వాడకు బోరు వేయిస్తవా, కమ్యూనిటీ హాలు కట్టిస్తవా" అని హామీలు అడుగుతాం. తలకిందుల వ్యవహారం.

పెద్ద నాయకుడి ముఖం చూసి వేస్తే ఏమవుతుందో నా కళ్ళముందే రెండుసార్లు జరిగింది. 1994 డిసెంబరులో జనం రామారావును చూసి ఓట్లు గుద్దారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే ఆయన కుర్చీ పోయింది. అది ఆయన పార్టీ లోపలి గొడవ, ఓటరును అడిగినవాళ్ళు లేరు. 2009లో రాజశేఖరరెడ్డిని చూసి వేశారు. సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయాడు. ఆ అయిదేళ్ళలో రోశయ్య ఒకరు, కిరణ్‌కుమార్ రెడ్డి ఒకరు ముఖ్యమంత్రులయ్యారు. ఊళ్ళలో ఏ ఓటరూ వాళ్ళ ముఖాలు చూసి మీట నొక్కలేదు.

మరి మిగిలిందేమిటి? కిలో రెండు రూపాయల బియ్యం సంగతి చూడు. రామారావు 1983లో పెట్టాడు. కాంగ్రెస్ వచ్చి మూడున్నర చేసింది. ఆయనే మళ్ళీ వచ్చి రెండు చేశాడు. 1996లో ఆయన పార్టీయే, ఆయన లేకుండా, మళ్ళీ మూడున్నర చేసింది. 2008లో కాంగ్రెస్ రెండుకు దించింది, 2011లో ఒక్క రూపాయి చేసింది. తెలంగాణ వచ్చాక మనిషికి ఆరు కిలోలు ఇచ్చారు. 2025 ఉగాదికి సన్నబియ్యం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళలో ధర పెరిగింది, తగ్గింది గానీ ఎత్తేసే ధైర్యం మాత్రం ఏ పార్టీకీ రాలేదు. మనుషులు మారారు, బియ్యం నిలబడింది.

మద్యనిషేధం అట్లా నిలబడలేదు. అది నాయకుడి బుర్రలో పుట్టింది కూడా కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పటి నుంచి ఊరూరా లేచింది. 1993లో కాంగ్రెస్ సర్కారు సారా బంద్ చేసింది. 1995 జనవరిలో రామారావు అన్ని రకాలూ బంద్ చేశాడు. 1997 వచ్చేసరికి ఆ పార్టీ ప్రభుత్వమే ఖజానాకు రాబడి లేదని సడలించింది. ఇక్కడ ఒకటి గమనించు. సర్కారు సారా దుకాణం మాత్రం మళ్ళీ రాలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు కొట్లాడి మూయించింది అట్లాగే మూతపడి ఉంది. పైనుంచి వచ్చింది పైనుంచే పోయింది. కాబట్టి విధానం చూడమంటే మేనిఫెస్టోలో ఏముందో చూడమని మాత్రమే కాదు. రేపు ఆ పథకం ఎత్తేస్తే రోడ్డు మీదకు వచ్చి అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కూడా చూడు.

నువ్వు ఇక్కడ అడ్డు తగులుతావని తెలుసు. "మరి మొండి నాయకుడు లేకపోతే మంచి విధానం ఎట్ల వస్తది తాతా?" అంటావు. అందులో నిజముంది. మా నాయన సంగతి చెప్తా. మూడెకరాల చెలక పహాణి, అంటే భూమి రికార్డు, నకలు కావాలంటే ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ ఇంటికి పోవాలి. రికార్డు మొత్తం ఎర్రగుడ్డలో మూటకట్టి ఆయన ఇంట్లోనే ఉండేది. నాయన చెప్పులు వాకిలి బయట విడిచి, సొరకాయో నెయ్యి గిన్నెనో అరుగు మీద పెట్టి, ఎండలో నిలబడేవాడు. నాకు పదేళ్ళుంటాయి. ఒకరోజు ఆయనతో పోయాను. పట్వారీ భోజనం చేసి, కునుకు తీసి, లేచి "రేపు రా పో" అన్నాడు. నాయన "సరే దొరా" అని చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి నడిచాడు. వాకిలి దాటినదాకా వేసుకోలేదు. 1984 మొదట్లో రామారావు సర్కారు ఒక్క ఆర్డినెన్స్‌తో పటేల్, పట్వారీ నౌకర్లు రద్దు చేసింది. తరాల నుంచి పాతుకుపోయినవాళ్ళను కదపడానికి మొండితనం కావాలి, అది ఆయనకు ఉంది. ఆ రోజు నాయన ఏమీ అనలేదు గానీ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని మా అవ్వ చెప్పింది.

ఆయన హయాంలోనే ఆడపిల్లలకు పెద్దల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని చట్టం తెచ్చారు. 1985 సెప్టెంబరు నుంచి వర్తింపు. దేశం మొత్తానికి అది 2005లో గానీ రాలేదు. మీ అమ్మ పేరు మీద ఉన్న ఎకరం ఇరవై గుంటలు నా మంచితనం అనుకోకు, చట్టప్రకారం ఆమె వాటా. అంచేత నాయకుడిని అసలు పట్టించుకోవద్దని నేను అనను. నాయకుడి దగ్గర చూడాల్సింది ఒక్కటే, చెప్పింది చేసిన చరిత్ర. అది ఆయన ఉపన్యాసంలో కనబడదు, మీ అమ్మ పట్టా పాస్‌బుక్‌లో కనబడుతుంది.

ఇక మేనిఫెస్టో ఎట్లా చదవాలో చెప్తా. తెలుగు పంతులును కదా, నాకు తెలిసిన పద్ధతి వ్యాకరణమే. ముందు క్రియాపదం చూడు. "ఇస్తాం" వేరు, "ఇచ్చేందుకు కృషి చేస్తాం" వేరు, "పరిశీలిస్తాం" వేరు. పరిశీలిస్తాం అని రాసినచోట పెన్సిల్‌తో కొట్టేసి ముందుకు పో. తర్వాత విశేషణం చూడు. "అర్హులైన" అనే మాట కనబడితే ఆగు. అర్హత ఎవరు తేలుస్తారు, ఏ కాగితం చూసి తేలుస్తారు? 2018లో కేసీఆర్ సర్కారు రైతుబంధు పెట్టుబడి సాయం తెచ్చినప్పుడు ఎకరానికి పంటకు నాలుగు వేలన్నారు, తర్వాత అయిదు వేలు చేశారు. మంచి పథకమే. కానీ అది పట్టాదారుకు. నా పొలం కౌలుకు చేసే మనిషి విత్తనం కొన్నాడు, కలుపు తీశాడు, పైసలు నా ఖాతాలో పడ్డాయి. నేను ఆయనకు కొంత ఇచ్చాననుకో, ఇవ్వని పట్టాదారులను నేనే చూశాను. 2023లో కాంగ్రెస్ వాళ్ళు రైతులకూ కౌలు రైతులకూ ఏడాదికి ఎకరానికి పదిహేను వేలన్నారు. 2025 జనవరిలో మొదలుపెట్టింది పన్నెండు వేలతో. ఇద్దరి విషయంలోనూ తేడా ఎక్కడుందో కాగితం పక్కన కాగితం పెట్టుకుంటేనే తెలుస్తుంది. చప్పట్లలో తెలియదు.

తర్వాత పైసలు ఎక్కడివని అడుగు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఎన్నికల సంఘం ఒక నియమం పెట్టింది. హామీ వెనుక హేతువేమిటో, డబ్బు ఏ దారిన తెస్తారో మేనిఫెస్టోలో సూచించాలని. ఆ పేజీ నువ్వే వెతుకు. ఉంటే నాకూ చూపించు.

ఏ హామీకి ఎంత దారి ఉందో కూడా చూడు. ఆడవాళ్ళకు ఉచిత బస్సు 2023 డిసెంబరు 7న ప్రభుత్వం ఏర్పడితే 9న మొదలైంది. బస్సులున్నాయి, కండక్టర్లున్నారు, ఉత్తర్వు ఇచ్చి జీరో టికెట్ కొట్టమంటే చాలు. ఖర్చు తర్వాత ఆర్టీసీకి కట్టాలి, అది వేరే లెక్క. రుణమాఫీ అట్లా కాదు. బ్యాంకులవారీగా లెక్కలు తేలాలి, ఒకేసారి వేల కోట్లు తేవాలి. 2018లో ఇచ్చిన లక్ష రూపాయల మాఫీ మాట విడతలు విడతలుగా సాగి, పెద్ద వాటా 2023 ఆగస్టులో, అంటే మళ్ళీ ఎన్నికల ముంగిట వచ్చింది. ఈలోపు వడ్డీ ఎవరి మీద పడిందో మన ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు.

ఇప్పుడు అభ్యర్థి సంగతి. 1989లో మన కల్వకుర్తిలో స్వయంగా రామారావే నిలబడ్డాడు, హిందూపురంతో పాటు. అక్కడ గెలిచాడు, ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయాడు. ఫలితం రేడియోలో విని ఎవరూ నమ్మలేదు. బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతూ ఒక గొర్లకాపరిని అడిగాను, ఎందుకట్లయిందని. "ఆయన దేవుడే సారు. దేవుణ్ణి గుడిల మొక్కుతం. గొర్రె పోతే ఎవనింటికి పోవాలె?" అన్నాడు. రాష్ట్రంలో ఎందుకు ఓడారన్నదానికి నూరు కారణాలు పేపర్లలో వచ్చాయి, నాకు మాత్రం ఆ గొర్లాయన మాటే గుర్తుంది. మళ్ళీ 2023లో కామారెడ్డి చూశావుగా. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఒక పక్క, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఒక పక్క నిలబడితే, ఇద్దరినీ కాదని స్థానికుడైన బీజేపీ అభ్యర్థి వెంకటరమణారెడ్డిని గెలిపించారు. ఆ ఏడాది మొదట్లోనే పట్టణ మాస్టర్ ప్లాన్‌లో పొలాలు పోతాయని అక్కడి రైతులు రోడ్డెక్కి ఉన్నారు. పెద్ద ముఖాలు రెండుంటే జనం మూర్ఛపోతారనుకోవడం పొరపాటు.

అభ్యర్థిని తెలుసుకోవడానికి మా కాలంలో చాయ్ హోటలే గతి. మీకు అఫిడవిట్ ఉంది. సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని 2003 నుంచి ప్రతి అభ్యర్థీ తన మీద ఉన్న కేసులు, భార్యాభర్తల ఆస్తులు, అప్పులు, చదువు రాసి సంతకం పెట్టాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒక్కటి చదివితే ఏమీ తెలియదు. ఆయన కిందటిసారి కూడా నిలబడి ఉంటే ఆ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టు. అయిదేళ్ళలో ఎకరాలు ఎన్ని పెరిగాయి, ఎక్కడ పెరిగాయి? రింగ్ రోడ్డు పక్కన పెరిగాయా, వాళ్ళ తాత ఊళ్ళో పెరిగాయా? కేసులు చూసేటప్పుడు కూడా తొందరపడకు. ధర్నాలో కూర్చుంటే పెట్టే కేసు వేరు, భూమి కబ్జా కేసు వేరు. సెక్షన్ నంబరు చూడు. కేసులున్న మనిషికి టికెట్ ఎందుకిచ్చారో పార్టీ కారణం రాసి బయట పెట్టాలని, "గెలుస్తాడు కాబట్టి" అంటే కుదరదని 2020లో కోర్టు చెప్పింది. ఆ కారణాలు చదువు, కాసేపు నవ్వుకోవచ్చు.

పార్టీ విధానం నచ్చి అభ్యర్థి నచ్చకపోతే ఏం చెయ్యాలంటావా? నా లెక్క ఇది. అసెంబ్లీకి, పార్లమెంటుకు విధానం వైపే మొగ్గు, ఎందుకంటే అక్కడ ఎమ్మెల్యే అయినా ఎంపీ అయినా పార్టీ విప్, అంటే ఇట్లా ఓటెయ్యమనే హుకుం, దాటి చెయ్యెత్తలేడు. కానీ కబ్జాకోరు అనో, ఆడవాళ్ళతో మర్యాద లేనివాడనో తేలితే పార్టీ ఎంత నచ్చినా నేను వెయ్యను. రెండుసార్లు అట్లా మానేశాను. ఒకసారి మా అన్నతో ఏడాది మాటల్లేవు. సర్పంచ్ ఎన్నికకు లెక్క పూర్తిగా వేరు. అక్కడ పార్టీ గుర్తులే ఉండవు. మనిషినే చూడు. పొద్దున ఆరింటికి నీళ్ళ ట్యాంకు దగ్గర కనబడతాడా లేదా, అంతే.

కులం, రీళ్ళు, ఆఖరి రాత్రి కవర్ల గురించి నేను చెప్పనక్కర్లేదు, నీకు సిగ్గుంది. బూత్‌లో మీట నొక్కాక వెంటనే బయటికి రాకు. పక్కన వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. నువ్వు నొక్కిన పేరేనా అని చూసుకుని రా.

ఇంకో పని. మన ఎమ్మెల్యేది 2023 అఫిడవిట్, అంతకుముందు నిలబడినప్పటిది దొరికితే అదీ ప్రింట్ తీసి, దసరాకు వచ్చేటప్పుడు పట్టుకురా. ఫోన్‌లో నాకు అక్షరాలు ఆనవు. అమ్మమ్మ కూడా వినాలంటున్నది, ఆమెకు చదివి వినిపించాలి.

నీ తాత